బర్రె గుండెల తీగ దిగకముందే కనిపెట్టుడెట్ల? గొర్రె మెదడు, కుక్క గుండె సంగతి గూడ

మా నల్గొండ జిల్లా హాలియా దిక్కు పాలుపోసే ఇండ్లల్ల ఎవర్నడిగినా ఇసొంటి బర్రె ముచ్చట ఒకటి చెప్తరు. నిన్నటిదాక పూటకు 5 లీటర్లు ఇచ్చింది, పొద్దుగాల కూసుంటే చెంబెడు గూడ రాలే, మేత వాసన చూసి పక్కకు తిరిగింది, దిష్టి అనుకోని మిరపకాయలు తిప్పినం, కడుపుబ్బరం అనుకోని వాము నూరి తాపినం, ఓ పదిహేను రోజులకు గంగడోలు కాడ నీరు దిగి పోయింది అని. మాకూ అట్లనే అయింది. రెండో ఈత బర్రె, ఈని తొమ్మిది రోజులే. చచ్చిపోయినంక డాక్టరు సారు కోసి చూపిస్తే గుండె చుట్టూ ఉండే సంచి నిండ చీము, దాంట్ల వేలెడు బైండింగు వైరు ముక్క. అంతకుముందు ఏడాదే మేం ఇంటికి స్లాబ్ పోసినం, సెంట్రింగు పనిల కత్తిరించి పడేసిన తీగ ముక్కలున్న జాగలనే వరిగడ్డి వామి పెట్టినం. అది మా చేతులతోనే అయిన తప్పు, అందుకే ఇంత వివరంగ రాస్తున్న. ఇంకొకరి కొట్టంల ఇట్ల కావొద్దు.

అసలు కడుపులకు పోయిన తీగ గుండెలకెట్ల వస్తది అని చాన మంది అడుగుతరు. ఆవైనా బర్రైనా మనలెక్క నమిలి మింగదు, నాలికతో చుట్టి గుంజి గబగబ మింగుతది, తర్వాత తీరిపొద్దున నెమరేస్తది, దాని పెదవులకు తీగకు గడ్డికి తేడా తెల్వది. బరువున్న ఇనుము పోయి తేనెతుట్టె లెక్క గదులుండే చిన్న సంచిల పడతది (కసాయోళ్ళు దాన్ని చూడంగనే గుర్తుపడతరు). ఆ సంచికి గుండెకు నడుమ ఉన్నది ఒక్క పల్చటి కండ పొర, జానెడు దూరం గూడ ఉండదు. ఆ సంచి ఊకె ఉండదు, నిమిషానికోసారి ముడుచుకుంటది, ముడుచుకున్నప్పుడల్లా తీగ మొన కొంచెం కొంచెం ముందటికి పోతది. సూడి నెలలు నిండినప్పుడు దూడ బరువు, ఈనేటప్పుడు పెట్టే ముక్కుడు, ఇవన్నీ దాన్ని ఇంకింత నూకుతయి. అందుకే ఈ రోగం ఎక్కువ ఈతకు అటూ ఇటూ బయటపడతది, మనమేమో ఈనినంక నీరసం అనుకుంటం.

మొదటి పని: బాగున్నప్పుడే లెక్క రాసుకోవాలె

రోగమొచ్చినంక నాడి పట్టుకుంటే లాభం లేదు, మీ బర్రెకు మామూలుగ ఎంత కొట్టుకుంటదో తెలిస్తేనే ఎక్కువైందా తక్కువైందా చెప్పొచ్చు. పొద్దుగాల చల్లటి పూట, పాలు పిండకముందు, పశువు నిమ్మలంగ ఉన్నప్పుడు తోక కొంచెం పైకి లేపి తోక అడుగు దిక్కు మొదలుకు జానెడు కింద నడిమిట్ల రెండు వేళ్ళు మెల్లగ ఆనించండి, బొటనవేలు వద్దు, దాంట్ల మీ నాడే మీకు తగుల్తది. ఫోన్ల టైమర్ పెట్టుకోని నిమిషం లెక్కపెట్టండి. పెద్ద బర్రెకు 40 నుంచి 60, ఆవుకు 50 నుంచి 80 మధ్యల ఉంటది, దూడలకు 100 దాటినా భయం లేదు. గొర్రెకు మేకకు తోకకాడ దొరకదు, వెనక తొడ లోపటి దిక్కు చెయ్యి పెట్టి చూడాలె, 70 నుంచి 90. పరిగెత్తి వచ్చినంక, మధ్యాహ్నం ఎండల, ఎదకు వచ్చినప్పుడు చూసిన లెక్క పనికిరాదు.

ఈ నాడి ఎనక ఎంత ఒత్తిడి ఉంటదో మనిషి మొదటిసారి కొలిచింది గూడ పశువులనే. ఇంగ్లండుల స్టీఫెన్ హేల్స్ అనే ఆయన గుర్రం తొడ ధమనిల గొట్టం పెట్టి దానికి నిలువు గాజు గొట్టం తగిలిస్తే రక్తం 8 అడుగుల పైకి ఎక్కింది, ఆ సంగతి 1733ల పుస్తకంగ వేసిండు. ఇయ్యాల మనం దవాఖానల బీపీ చూపిచ్చుకుంటున్నమంటే ఆ గుర్రం పెట్టిన భిక్షే.

చిగుర్లు గూడ ఓ సారి చూసుకోండి, పై పెదవి లేపి చిగురు మీద వేలితో ఒత్తి ఇడిస్తే తెల్లబడ్డ జాగ 2 సెకండ్లల్ల మళ్ళ ఎర్రగ కావాలె. నల్ల చిగుర్లున్న బర్రెలల్ల ఇది తెల్వదు, పట్టించుకోకండి.

రెండోది: మెడ నరం చూసుడు

నన్నడిగితే రైతు నేర్చుకోవాల్సిన వాటిల ఇదే అన్నిటికంటె ముఖ్యం, మిషన్లు గిషన్లు ఏమీ అక్కర్లేదు. పశువు మెడకు రెండు దిక్కులా కింది భాగంల ఒక గాడి లెక్క ఉంటది, దాంట్ల పెద్ద నరం పోతది, డాక్టర్లు సెలైన్ ఎక్కించేది దాంట్లనే. పశువు తల ఎత్తి నిలబడ్డప్పుడు చూడాలె, మేత కోసం తల వంచితే బాగున్న పశువుకు గూడ నరం ఉబ్బుతది, అది చూసి బెదరొద్దు. తల ఎత్తినప్పుడు మామూలుగ ఆ నరం కండ్లకు ఆనదు, ఛాతి దగ్గర కింది భాగంల కొంచెం అదిరినట్టు ఉంటే ఉండొచ్చు. అట్ల కాకుండ నరం దవడ దాక మోకు లెక్క లావుగ ఉబ్బి ఉన్నా, దాంట్ల అల మెడ సగం దాటి పైకి పోతున్నా రక్తం గుండెలకు తిరిగి పోలేక ఎనక్కి నిలబడ్డట్టు. అప్పుడు రేపు చూద్దాం అనుకోకండి.

దాని తర్వాత వచ్చేది గంగడోలు కాడ, ముందు కాళ్ళ నడుమ వాపు. వేలుతో ఒత్తితే గుంట పడి కొద్దిసేపు అట్లనే ఉంటది, చల్లగ ఉంటది. ఇది చూసి గొంతువాపు అనుకుంటరు చాన మంది, గొంతువాపుల ఒక్కసారే జ్వరం మండుతది, వాపు వేడిగ గొంతు కాడ వస్తది, గురక పెడ్తది, గంటలల్ల ముదురుతది. ఇగ ఒట్టి దవడ కిందనే సంచి లెక్క వాపుంటే కాలేయంల జలగలున్నయేమో అని గూడ చూపియ్యాలె. మూడిట్లకు మూడు వేరే మందులు. గుండె వాపుకు గొంతువాపు సూది ఏపిచ్చి వారం పోగొట్టుకున్నోళ్ళు ఉన్నరు.

మూడోది: నొప్పి ఉందా లేదా

తీగ గుచ్చుకున్న పశువు నడుము విల్లులెక్క వంచి, ముందు మోచేతులు బయటికి పెట్టి నిలబడ్తది. దిగుడు జాగల నడువమంటే నడువది, చెరువు కట్ట ఎక్కుతది గాని దిగనంటది, ఎందుకంటే దిగేటప్పుడు కడుపు బరువంత ముందటికొచ్చి మొన దిక్కు ఒత్తుతది. పండుకునేటప్పుడు, పెండ వేసేటప్పుడు మూలుగుతది. మూపు మీది తోలు రెండు చేతులతో గట్టిగ పట్టి గుంజి చూడండి, బాగున్నదైతే నడుము కిందికి దించుతది, నొప్పున్నదైతే దించకుండ బిగబట్టుకుంటది, మూలుగు గూడ వినిపిస్తది. కట్టెతోని పొట్ట కింద లేపి ఇడిచే పరీక్ష ఒకటుంది గాని అది డాక్టరు చేతనే చేపియ్యండి, సూడి పశువుకైతే మనం అస్సలు చెయ్యొద్దు.

ఎడమ దిక్కు మోచేయి ఎనక చెయ్యి లోపటికి పెడితే గుండె తాకిడి తెలుస్తది. సంచిల నీరో చీమో నిండితే ఆ తాకిడి దూరంగ, మొద్దుగ ఉంటది, చెవి ఆనిస్తే కుండల నీళ్ళు అలికినట్టు వినొస్తది. ఆ చప్పుడొచ్చినంక ఆపరేషన్ చేసినా బతికేవి చాన తక్కువ. అందుకే ఇంతగనం చెప్తున్న, మొదటి రెండు మూడు రోజులల్ల, అంటే పాలు ఒక్కసారే పడిపోయి మేత మానేసిన నాడే చూపియ్యాలె, అప్పుడైతే పొట్ట కోసి తీగ తీసేసే దారి ఉంటది. బర్రెలల్ల ఇంకో ఆపద, ఇనుము గుచ్చుకోని ఆ కండ పొర పల్చబడి చిరిగితే కడుపు సంచి ఛాతిలకు జరుగుతది, ఊకె ఉబ్బరం వస్తుంటది, మందు తాపితే తగ్గి మళ్ళ వస్తది. రెండోసారి ఉబ్బరం తిరగబెట్టిందంటే నాటు మందు ఆపండి.

నాలుగోది: డాక్టరుకు ఏం చెప్పాలె

ఊకె "మేత తింటలేదు సార్" అంటే ఆయన మాత్రం ఏం చేస్తడు. పాలు ఏ రోజు ఎన్ని లీటర్ల నుంచి ఎంతకు పడ్డయి, ఎన్నో నెల సూడి లేదా ఈని ఎన్ని రోజులు, నాడి ఎంత, నెమరు ఉందా, ఇంటికాడ కట్టుబడి పని ఏమన్న అయిందా, ఇవి చెప్పండి. నడిచేది, దిగేది, మెడ నరం ఫోన్ల వీడియో తీసి పెట్టుకోండి. ఊరికి దూరమైతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి వస్తది. స్కానింగు కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్ల పశువైద్య కాలేజీ దవాఖాన ఉంది, మిర్యాలగూడ నుంచైనా దేవరకద్ర నుంచైనా ట్రాలీల నిలబెట్టి తీస్కపోవాలంటే ముందటి కాళ్ళ కింద గడ్డి మందంగ పరిచి ఎత్తు చేయండి, మొన ముందటికి జరగకుండ కొంత ఆగుతది. ఇంటికాడ గూడ అంతే, ముందు కాళ్ళ దిక్కు మట్టి పోసి ఎత్తు చేసి కట్టేయండి.

ఐదోది: అయస్కాంతం

గుండ్రటి మూలలతోని వేలెడంత లావు అయస్కాంతం కడ్డీలు ఇందుకోసమే ఉంటయి. డాక్టరు ఒక్కసారి మింగిస్తే పోయి ఆ చిన్న సంచిలనే కూసుంటది, పెండల రాదు, జీవితాంతం అక్కడనే ఉండి వచ్చిన సీలను, తీగను తన దిక్కు గుంజుకోని పట్టుకుంటది. పడ్డను (ఇంకా ఈనని బర్రెను) మొదటి సూడి కట్టకముందే ఏపిస్తే మంచిది. ఒకటి చాలు. రాగి తీగను, అల్యూమినియంను ఇది పట్టదు, కరెంటు పని చేసినప్పుడు ఆ ముక్కలు ఏరుకోవాల్సిందే. మాకు ఇది తెలిసే టైముకు ఆ బర్రె లేదు, ఇప్పుడున్న మూడిట్లకూ ఏపిచ్చిన.

తీగ యాడ్నుంచి వస్తదో గూడ చూసుకోవాలె. సెంట్రింగు జాగ, కంచె తీగ తుకడలు, పొలంల మోటరు కాడ పడేసిన మొలలు, దబ్బనం విరిగిన ముక్క, భోగి మంటల కాల్చిన టైరు (రబ్బరు కాలిపోతది, లోపటి సన్న తీగలు బూడిదల అట్లనే ఉంటయి, ఆ బూడిద పెంటల కలుస్తది). పాత స్పీకరు అయస్కాంతం ఒకటి తాడుకు కట్టి గడ్డి వామి చుట్టూ, గాబు చుట్టూ వారానికోసారి ఈడ్చండి, మొదటి రోజు ఎంతొస్తదో చూస్తే మీకే గుండె జల్లుమంటది.

కాల్షియం బాటిల్ పెట్టేటప్పుడు

ఈనినంక పడిపోయిన బర్రెకు నరానికి కాల్షియం ఎక్కించంగనే లేచి నిలబడ్తది, నిజంగనే ప్రాణం పోసే మందది. గాని అదే మందు గబగబ ఎక్కిస్తే గుండె ఆగిపోతది. 450 మిల్లీ లీటర్ల సీసాను మన ఒంటి వేడికి కాచుకోని కనీసం 15 నిమిషాలు, మెల్లగ, ఒక మనిషి గుండె కాడ చెయ్యి పెట్టుకోని ఉండాలె, తాకిడి తప్పినా ఒక్కసారే వేగం మారినా వెంటనే ఆపాలె. తొందర్ల సీసా ఎత్తి పట్టి ఐదు నిమిషాలల్ల కొట్టేసేటోళ్ళను మీరే ఆపండి, అది మీ బర్రె, అడిగే హక్కు మీకుంది.

గాలికుంటు వచ్చిన కొట్టంల పాలు తాగే దూడలు ఏ పుండు లేకుండనే నిలబడ్డకాడ కూలి చచ్చిపోతయి, ఆ రోగం తెచ్చే వైరస్ నేరుగ గుండె కండను పట్టుకుంటది, కోసి చూస్తే గుండె మీద పులి చారల లెక్క తెల్లటి గీతలుంటయి. 2019 నుంచి దేశమంతట సర్కారు ఉచితంగ టీకా ఏస్తున్నది, ఊర్లెకు వచ్చినప్పుడు పాలు తగ్గుతయని దాచిపెట్టకండి.

ఇంట్ల కుక్క ఉంటే

పామరేనియన్ లాంటి చిన్న జాతి కుక్కలకు వయసు మీద పడ్డకొద్ది గుండె కవాటం వదులైతది, దగ్గు వస్తది, మనం చలి అనుకుంటం. అది గాఢ నిద్రల ఉన్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేస్తదో నిమిషం లెక్కపెట్టండి, 30 లోపల ఉండాలె, రెండు మూడు రోజులు వరుసగ 30 దాటితే డాక్టరు కాడికి పోవాలె. గుండె పెరిగి ఇంకా లక్షణాలు బయటపడని 360 కుక్కల మీద 11 దేశాలల్ల చేసిన పరిశోధన 2016ల అచ్చయింది, పిమోబెండాన్ అనే గోలీ ముందుగాల మొదలుపెడితే ఊపిరితిత్తులల్ల నీరు చేరుడు సుమారు 15 నెలలు ఎనక్కి పోయింది. 15 నెలలంటే ముసలి కుక్కకు మస్తు కాలం. ఆ గోలీ స్కానింగు చూసి డాక్టరు రాసిస్తేనే వాడాలె.

గొర్రె గిర్రున తిరుగుతుంటే

పాలమూరు దిక్కు గొర్లకాపర్లకు ఇది తెలిసిన బాధనే, మందల ఆరు నెలల నుంచి ఏడాదిన్నర పిల్ల ఒకటి తల ఒక పక్కకు వంచి ఒకే దిక్కు గుండ్రంగ తిరుగుతది, మందల కలవది, ఒక కన్ను కనపడనట్టు గోడకు గుద్దుకుంటది. మెదడుల నీటి బుడగ పెరుగుతుంటే ఇట్ల అయితది. కుక్క పేగులల్ల ఉండే ఒక బద్దె పురుగు గుడ్లు కుక్క దొడ్డికి పోయిన కాడ గడ్డి మీద పడతయి, అది మేసిన గొర్రె మెదడుకు చేరి నెలల కొద్ది పెరిగి బుడగైతది. ఆ గొర్రె చచ్చినంక తలకాయ కుక్కకేస్తే పురుగు మళ్ళ కుక్కలకు పోతది, ఇట్ల తిరుగుతనే ఉంటది.

ముందు ఒక జాగ్రత్త. ఏ పశువైనా తిక్కగ చేస్తుంటే, చొంగ కారుస్తుంటే, మింగలేకపోతుంటే గొంతుల ఏదో ఇరికిందని నోట్లె చెయ్యి పెట్టకండి, పిచ్చికుక్క కరిచి ఉండొచ్చు, అది ప్రాణం తీసే రోగం. కట్టేసి డాక్టరును పిలవండి, చొంగ అంటితే సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు పోండి.

ఒడ్ల బస్తా, మక్కల బస్తా మీద పడి బాగ తిన్న మేక రెండు రోజులకు తల పైకెత్తి ఆకాశం దిక్కు చూస్తూ కండ్లు కనపడనట్టు చేస్తే అది బుడగ కాదు, కడుపు పులిసి బి1 విటమిన్ అందక మెదడు వాచినట్టు, ఆ పూటనే సూదులు పడితే చాన మట్టుకు లేస్తది, తెల్లారిదాక ఆగితే చూపు పోతది.

బుడగ ఉన్న గొర్రెకు పుర్రె ఒక జాగల మెత్తబడి వేలికి తగుల్తది, అప్పుడు ఆపరేషన్ చేసి బుడగ తీయొచ్చు, తెలిసిన డాక్టరు చేతుల పడితే బతుకుతది. గాని మంద మొత్తాన్ని కాపాడేది కాపరి కుక్కలకు మూడు నెలలకోసారి ప్రాజిక్వాంటెల్ గోలీ ఏసుడే, బరువు చూసి డాక్టరు చెప్తడు. మందల నాలుగు కుక్కలుంటే నాలుగిట్లకూ ఒకటే రోజు ఏయండి. ఇగ చచ్చిన గొర్రె తలకాయ చెలకల విసిరేయకుండ నడుం లోతు గుంత తీసి పూడ్చి మీద బండ పెట్టండి, లేకపోతే రాత్రికి కుక్కలు తవ్వుకుంటయి.