కోక్ స్టూడియో పాకిస్తాన్‌ని ప్రొడ్యూసర్ల వరసలో ఎలా వినాలి

2022 ఫిబ్రవరిలో కోక్ స్టూడియో పాకిస్తాన్‌లో పసూరీ పాట వచ్చినప్పట్నించీ తెలిసినవాళ్ళల్లో ఓ పదిమందైనా అడిగుంటారు నన్ను, పాట భలే ఉంది గానీ ఆ సిరీస్‌లో ఇంకేం వినాలి, ఎక్కడ్నించి మొదలెట్టాలి అని. చాలామంది వ్యూస్ ఎక్కువున్న ఓ పది పాటలు వినేసి అయిపోయింది అనుకుంటారు. నాకు అక్కడే ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఇది ఊరి గాయకులూ బ్యాండ్లూ కలిసి పాడే పాటల సిరీస్, 2008లో టీవీలో మొదలై ఇన్నేళ్ళుగా నడుస్తోంది, ఇందులో ఉర్దూ పంజాబీలతో పాటు సింధీ, సరాయికీ, బలోచీ, బ్రాహుయీ, పష్తో, దరీ, కశ్మీరీ, ఆఖరికి ఉత్తర పాకిస్తాన్‌లోని చిత్రాల్ కొండల్లో కొన్ని వేలమంది మాత్రమే మాట్లాడే కలాషా భాష దాకా అన్నీ ఉన్నాయి, వ్యూస్ లెక్కన వెళ్తే వీటిల్లో సగం మీ కంటికే కనపడవు.

నేను చెప్పే పద్ధతి సింపుల్. పాట పేరు చూసి కాదు, ఆ సీజన్ ప్రొడ్యూసర్ ఎవరో చూసుకుని వరసలో వినండి. ప్రొడ్యూసర్ మారినప్పుడల్లా ఊరి పాటని ఎలా పట్టుకుంటారో మారిపోయింది, అది చెవికి తెలియడం మొదలైందంటే ఇక పాత సీజన్లు కూడా వదల్లేరు.

మొదలెట్టే ముందు ఒక మాట. 2025 మే నించి ఇండియాలో పాకిస్తాన్ కంటెంట్ మీద ఆంక్షలున్నాయి, స్ట్రీమింగ్ యాప్స్‌లోంచి చాలా పాటలు పోయాయి, కాబట్టి మీరున్న చోట ఏది అధికారికంగా దొరుకుతోందో ముందు చూసుకోండి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న మనవాళ్ళకి ఈ ఇబ్బంది లేదు. ఇక్కడున్నవాళ్ళు ఇదే పద్ధతిలో ఇండియా, బంగ్లా ఎడిషన్లు వినొచ్చు, వాటి గురించి కింద రాశా.

ఇప్పుడు వరస. మొదటి 6 సీజన్లు, అంటే 2008 నించి 2013 దాకా, రోహైల్ హయాత్. ఈయన వైటల్ సైన్స్ (Vital Signs) అనే బ్యాండ్ మనిషి. 7 నించి 10 దాకా, 2014 నించి 2017, స్ట్రింగ్స్ బ్యాండ్ వాళ్ళు ఫైసల్ కపాడియా, బిలాల్ మక్సూద్. 11వ సీజన్ 2018లో అలీ హమ్జా, జొహైబ్ కాజీ. 2019, 2020ల్లో మళ్ళీ రోహైలే వచ్చారు. 14వ సీజన్ 2022లో, 15వది 2024లో, రెండూ జుల్ఫీ చేతిలో. ఇది ఫోన్‌లో నోట్స్‌లో రాసి పెట్టుకోండి, పాట తెరిచినప్పుడల్లా సీజన్ నంబర్ చూస్తే ఎవరి చెయ్యో తెలిసిపోతుంది.

మొదటి రోజే ఒక పరీక్ష చెయ్యండి, నేను కొత్తవాళ్ళందరికీ ముందు ఇదే చెప్తా. ఆబిదా పర్వీన్ గొంతు ఒక్కటే తీసుకోండి, మూడు పాటలు. రోహైల్ దగ్గర 3వ సీజన్‌లో పాడిన రమూజ్-ఎ-ఇష్క్, స్ట్రింగ్స్ దగ్గర 7వ సీజన్‌లో రాహత్ ఫతే అలీ ఖాన్‌తో కలిసి పాడిన ఛాప్ తిలక్, జుల్ఫీ దగ్గర 14వ సీజన్‌లో నసీబో లాల్‌తో పాడిన తూ ఝూమ్. గొంతు అదే, మనిషి అదే, మధ్యలో 12 ఏళ్ళు గడిచాయంతే. మొదటిదాంట్లో బ్యాండ్ అంతా ఆవిడ వెనకాల నడుస్తుంది, ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతారు. రెండోది అమీర్ ఖుస్రో పాట, అందరికీ తెలిసిందే, దాన్ని ఇద్దరు పెద్ద గొంతులకి సరిపడా పెద్దగా కట్టారు. మూడోది కొత్తగా రాసి కొత్తగా బాణీ కట్టిన పాట, పాతదాన్ని మళ్ళీ పాడటం కాదు, ఆవిడ కోసం ఒక కొత్త ఇల్లు కట్టినట్టు ఉంటుంది. మూడూ ఒకే కూర్చోటంలో వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మధ్యలో వాట్సాప్ చూడకుండా.

తర్వాత రోహైల్ సీజన్లలోకి దిగండి, ఇక్కడే ఎక్కువ రోజులు ఉండాలి. 1వ సీజన్‌లో ముందు జనం కూర్చుని ఉంటారు, 2009లో 2వ సీజన్ నించి జనాన్ని తీసేసి మూసిన స్టూడియోలో బ్యాండూ పాడేవాళ్ళూ మాత్రమే. ఈ ఒక్క మార్పు వల్ల అంతా మారింది అని నా నమ్మకం, చప్పట్ల కోసం పాడే పని లేదు కదా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పాడతారు. దానికి ఏక్ అలిఫ్ చూడండి, సాయీ జహూర్, నూరీ బ్యాండ్ కలిసి చేసింది. సాయీ జహూర్ బతుకంతా దర్గాల దగ్గర పాడుకుంటూ తిరిగిన మనిషి, మొదటి ఆల్బం 2006 దాకా రాలేదు. చేతిలో రంగురంగుల కుచ్చులు వేలాడే తంబూర, కాళ్ళకి గజ్జెలు. పాట పంజాబీ సూఫీ కవి బుల్లే షాది, ఇక చదివిన చదువులు చాల్లే, ఒక్క అలిఫ్, అంటే వర్ణమాలలో మొదటి అక్షరం, చాలు నీకు అని. మన ఊళ్ళల్లో తంబూర పట్టుకుని తత్వాలు పాడే బైరాగుల్ని చిన్నప్పుడు విన్నవాళ్ళకి అర్థం చెప్పక్కర్లేదు, ఆ గొంతు లేవగానే తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్ గిటార్లూ డ్రమ్సూ అన్నీ ఉన్నాయి, కానీ ఎవరూ ఆయన మీద పడరు.

3వ సీజన్‌లో జుగ్నీ అందరికీ తెలిసిందే, ఆరిఫ్ లోహార్, మీషా షఫీ. తెలిసిన పాటే కదా అని దాటెయ్యొద్దు. ఈసారి ఆరిఫ్ లోహార్ చేతిలో చిమ్‌టా మీదే కన్నేసి చూడండి. అది పొయ్యి దగ్గర పట్టకారుకి పెద్దన్న, రెండు పొడుగాటి ఇనప బద్దలు, వాటికి రింగులు. మన చిరతల భజన చూసినవాళ్ళయితే ఆ గలగలని వెంటనే పట్టేస్తారు. వాళ్ళ నాన్న ఆలం లోహార్ కాలం నించీ ఆ ఇంట్లో జుగ్నీ పాడుతున్నారు. జుగ్నీ అంటే మిణుగురు పురుగు. అది ఊరూరా తిరుగుతూ చూసినవి చెప్తుంటుందన్నమాట.

భాష రాకపోతే ఎలా అని చాలామంది ఆగిపోతారు. దానికి నా దారి ఏంటంటే, ముందు ఏమీ చదవకుండా ఒకసారి వినండి, తర్వాత అనువాదం ఒకసారి చదవండి, మూడోసారి మళ్ళీ చదవకుండా వినండి. మూడోసారికి ఓ నాలుగు మాటలు మీవైపోతాయి. దీనికి బాగా పనికొచ్చేది 5వ సీజన్‌లో హుమాయూన్ ఖాన్ పాడిన లార్షా పెఖావర్ తా అనే పష్తో జానపదం. అందులో ఉన్నదంతా ఏంటంటే, పెషావర్ వెళ్ళి నాకో నల్ల కమీజు పట్రా, తాజా పూలు మూడో నాలుగో పట్రా అని. అంతే! సంతకెళ్తే నాకు గాజులు తే మావా, పట్నం పోతే చీర తే బావా అని మన దగ్గర ఎన్ని పాటలున్నాయి, నాట్లేసేటప్పుడు ఎన్ని విన్నాం. ఇది తెలిశాక ఆ పాట నాకు పరాయి భాష పాటలా అనిపించడం మానేసింది. ఉర్దూ చెవి ఉన్న హైదరాబాద్ వాళ్ళకయితే సగం పని ముందే అయిపోయినట్టు. ఇదే వరసలో 4వ సీజన్‌లో అఖ్తర్ చనాల్ జహ్రీ, కోమల్ రిజ్వీ పాడిన దానా పె దానా, 2వ సీజన్‌లో జేబ్, హానియా దరీ భాషలో పాడిన పైమోనా కూడా వినండి.

సంగీతం కొంచెం నేర్చుకున్నవాళ్ళకి ఇంకో తలుపుంది. ఫరీద్ అయాజ్, అబూ మహమ్మద్ ఖవ్వాలుల కంగ్నా వినండి, మాల్‌కౌన్స్ రాగం, అంటే మన హిందోళం. కింద ఏ స్వరం మీద ఆగుతున్నారు, ఎప్పుడు వదిలేసి పైకెళ్తున్నారు అని చూసుకుంటూ వింటే రాగం మీకు తెలిసిందే కాబట్టి ఎక్కడా దారి తప్పరు. ఫరీద్ అయాజ్ పుట్టింది మన హైదరాబాద్‌లోనే, 1952లో, తర్వాత 1956లో కుటుంబం కరాచీ వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న మున్షీ రజీయుద్దీన్ నిజాం కొలువులో పాడినాయన. ఇది తెలిశాక కంగ్నా నాకు మన ఊరి నించి వెళ్ళి తిరిగొచ్చిన పాటలా వినపడుతుంది.

6వ సీజన్‌లో రోహైల్ బయటి దేశాల వాళ్ళని కూడా కలిపారు, టర్కీ పాట ఉర్దూతో కలిసిన ఇష్క్ కినారా ఒకటి వినండి, మిగతావి నెమ్మదిగా.

స్ట్రింగ్స్ సీజన్లు వినేటప్పుడు చెవి మార్చుకోవాలి. వీళ్ళ దగ్గర పాట నున్నగా, నిండుగా ఉంటుంది, పాత ఖవ్వాలీ, గజల్, సినిమా పాటలకి నివాళులెక్కువ. 8 నించి 10 దాకా సీజన్ మొదట్లో అందరు ఆర్టిస్టులూ కలిసి దేశభక్తి గీతం పాడటం కూడా వీళ్ళప్పటిదే. 8వ సీజన్‌లో ఆతిఫ్ అస్లం తాజ్‌దార్-ఎ-హరం, 9వ సీజన్‌లో రాహత్, మోమినా ముస్తెహ్సన్‌ల ఆఫ్రీన్ ఆఫ్రీన్ ఇక్కడివే. పని ఏంటంటే, ఆఫ్రీన్‌కి ముందు నుస్రత్ ఫతే అలీ ఖాన్ పాడిన 1996 నాటిది వినండి, జావేద్ అఖ్తర్ రాసింది, తర్వాత ఇది వినండి, తాజ్‌దార్‌కి ముందు సాబ్రీ బ్రదర్స్‌ది వినండి. అప్పుడు స్ట్రింగ్స్ ఏం తగ్గించారో ఏం కలిపారో మీకే తెలుస్తుంది. నా వరకూ ఈ నాలుగు సీజన్లలో చిన్న భాషలు వెనక్కి జరిగాయి, మంచి పాటలు లేవని కాదు, పెద్ద పేర్లు ముందుకొచ్చాయి. 9వ సీజన్‌లో మన శిల్పా రావు నూరీతో పాడిన పార్ చనా దే మాత్రం వదలొద్దు, పంజాబీ పాట, సోహ్నీ అనే అమ్మాయి ప్రియుడి కోసం చీనాబ్ నది దాటే కథ. కుండ పట్టుకుని ఈదాలి, అది పచ్చి కుండ, నీళ్ళల్లో కరిగిపోతుంది. ఆ కుండకీ సోహ్నీకీ మధ్య మాటల్లాగా సాగుతుంది పాట, చివరికొచ్చేసరికి ఒళ్ళు జలదరిస్తుంది.

11వ సీజన్ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ, నేను మాత్రం గట్టిగా చెప్తా వినమని. 2009లో సాయీ జహూర్‌తో కలిసి ఏక్ అలిఫ్ పాడిన నూరీ అన్నదమ్ముల్లో ఒకరైన అలీ హమ్జా ఇప్పుడు ప్రొడ్యూసర్. ఆ సీజన్‌కి ముందు ఎక్స్‌ప్లోరర్ అని ఒక చిన్న సిరీస్ చేశారు, పాడేవాళ్ళని స్టూడియోకి రప్పించకుండా వీళ్ళే వాళ్ళ ఊళ్ళకి వెళ్ళారు. కలాష్ లోయలో అరియానా, అమ్రీనా అనే ఇద్దరమ్మాయిలు పాడిన పారీక్, సింధ్ నించి శాము బాయి, విష్ణు పాడిన ఫకీరా, బలోచీలో హా గులో. వీటిని పాటతో పాటు వీడియో కూడా చూడాలి, ఆ కొండలూ ఆ మనుషులూ పాటలో భాగమే కాబట్టి. సీజన్‌లోకి వచ్చాక లక్కీ, నగ్మా అనే ట్రాన్స్‌జెండర్ గాయనులు జిమ్మీ ఖాన్‌తో పాడిన బాల్కడా కూడా ఉంది.

రోహైల్ మళ్ళీ వచ్చిన రెండు సీజన్లలో ఆతిఫ్, బనూర్స్ బ్యాండ్ చేసిన ముబారక్ ముబారక్ బలోచీ కోసం, జోయీ వికాజీ రోషే కశ్మీరీ కోసం, 2020లో ఆడవాళ్ళందరూ కలిసి పాడిన నా టుట్టెయా వే దాని బలం కోసం వినండి, అక్కడితో ముందుకెళ్ళొచ్చు.

జుల్ఫీ దగ్గరికొచ్చేసరికి ఒకే స్టూడియో అన్నది పోయింది, ఒక్కో పాటకి ఒక్కో సెట్టు, ఒక్కో ప్రపంచం. పాత జానపదాన్ని మళ్ళీ చెయ్యడం తగ్గి, ఊరి గొంతుతో కొత్త పాట చెయ్యడం పెరిగింది. పసూరీ అందుకే అంత దూరం వెళ్ళింది, పంజాబీ మాట, టర్కీ తీగవాద్యం బగ్లామా, కిందంతా డాన్స్ బీటు. కానీ పద్ధతి అర్థం కావాలంటే కనా యారీ వినండి. కరాచీలోని లియారీ పేట నించి కైఫీ ఖలీల్, అదే లియారీ నించి ముఖం కప్పుకుని ర్యాప్ చేసే ఈవా బి, వాళ్ళ మధ్యలో దంబూరా అనే తీగవాద్యం పట్టుకుని అబ్దుల్ వహాబ్ బుగ్తీ, పాట మొత్తం బలోచీ. ముందు దంబూరా ఒక్కటే ఎక్కడెక్కడ వినపడుతుందో వేలితో లెక్కపెట్టుకోండి, తర్వాత ర్యాప్ మాత్రమే వినండి, మూడోసారి అన్నీ కలిపి. బుగ్తీ ఇల్లు ఆ ఏడాదే వరదల్లో పోయింది, కోట్లమంది విన్న పాట పాడిన కొన్ని నెలలకే. నేను ఎవరికి ఈ పాట పంపినా ఆయన పేరు కూడా టైప్ చేసి పంపుతా, మీరు కూడా పాట షేర్ చేసేటప్పుడు దంబూరా ఆయన పేరు రాయండి, హుక్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే లైను, పాడినవాళ్ళ పేరొక్కటే కాదు. 2024లో సింధీ పాట ఆయీ ఆయీ కూడా ఇదే దారిలోది.

ఇక పాకిస్తాన్‌ది దొరకని చోట ఏం చెయ్యాలంటే, ఇండియా ఎడిషన్ 2011లో లెస్లీ లూయిస్ ఒక్కరి చేతిలో మొదలైంది, 2012 నించి ఎపిసోడ్‌కో ప్రొడ్యూసర్. అందులో అమిత్ త్రివేది, మామే ఖాన్‌ల చౌదరీ, 2013లో రెహమాన్ జరియా, 2023లో కొత్తగా మొదలైన భారత్ ఎడిషన్ నించి ఆదిత్య గఢ్వీ పాడిన గుజరాతీ ఖలాసీ తీసుకోండి. బంగ్లా ఎడిషన్ 2022లో అర్ణబ్ చేతిలో మొదలైంది, మొదటి పాట నాసేక్ నాసేక్‌ని బెంగాలీతో ఆపకుండా హాజోంగ్ భాషలో ఎత్తుకున్నారు, దాంతోనే మొదలెట్టండి. ప్రతి వీడియో కింద వివరాల్లో ప్రొడ్యూసర్, రాసినవాళ్ళు, వాయిద్యాలు వాయించినవాళ్ళు అన్నీ ఉంటాయి, పాట అయ్యాక ఒక్క నిమిషం అవి చదవండి, నచ్చిన వాయిద్యం ఎవరిదో చూసి ఆ పేరు వెతకండి, అక్కడ్నించి వాళ్ళ సొంత రికార్డింగులకి వెళ్ళిపోండి.

వారానికి ఒక ప్రొడ్యూసర్ చాలు, రోహైల్‌కి మాత్రం మూడు వారాలివ్వండి. ఇవాళ రాత్రికి ఆబిదా పర్వీన్ మూడు పాటలు పెట్టుకోండి, రమూజ్-ఎ-ఇష్క్ ముందు.