ఎండకు కుంగిన వీణ మెట్లు సరిచేయడం

అనంతపురం, కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలలంటే 40 డిగ్రీలు దాటే ఎండలు. వీణ మెట్లు, అంటే తీగల కింద స్వరాలకు అమర్చిన ఇత్తడి కడ్డీలు, నిలబడేది మైనం మీద. అది పూర్తిగా కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి గానీ, మెత్తబడడానికి అంత వేడి అక్కర్లేదు. మధ్యాహ్నం పూట గమకం కోసం (స్వరాన్ని ఊపడానికి) తీగను గట్టిగా లాగితే మెట్టు కుంగుతుంది, లేదా ఒరుగుతుంది. అద్దాలు మూసిన కారులో వీణను వదిలితే ఇక చెప్పనక్కర్లేదు.

ముందు లోపం ఎక్కడుందో పట్టుకోండి. ఒక స్వరం దగ్గర జీర వస్తోందంటే ఆ మెట్టైనా కుంగింది, గుర్రం (కుండ మీద తీగలు ఆనే వంతెన) వైపు దాని పక్క మెట్టైనా లేచింది. 15 సెంటీమీటర్ల స్టీలు స్కేలును తీగల మధ్య నిలువుగా దూర్చి మూడు మెట్ల మీద ఆనించండి. నడిమి మెట్టు కుంగితే సందు కనిపిస్తుంది, లేస్తే స్కేలు ఊగుతుంది. తీగ రాపిడికి ఇత్తడిలో గాడి పడి ఉంటే మాత్రం మైనాన్ని కదపొద్దు. ఆకురాయి, సన్న గరుకు కాగితంతో అరగదీయాలి. లోతైన గాడికి కొత్త మెట్టే మందు.

పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. తీగలను శ్రుతిలోనే ఉంచండి. వదులు తీగతో మెట్టు స్థానం తేలదు. వేడెక్కిన సాల్డరింగ్ ఐరన్ మొనను శుభ్రంగా తుడిచి మెట్టు మీద ఆనించండి. పాదాల కింది మైనం మెత్తబడగానే తీసేసి, మెట్టును గుడ్డతో పట్టుకుని జరపండి. కొవ్వొత్తి మంట వద్దు, పక్క మెట్లు కూడా కదులుతాయి. స్వరం ఎక్కువ పలికితే మేరువు (బిరడాల వైపు తీగలు ఆనే పట్టీ) వైపు, తక్కువైతే గుర్రం వైపు, వెంట్రుకవాసి చొప్పున జరపాలి. కుంగిన దాన్ని పైకి లేపి కింద కొద్దిగా మైనం కూరాలి. చల్లారేదాకా పట్టు వదలొద్దు.

చాలా మెట్లు చెదిరితే ముందు, మేరువు నుంచి లెక్కిస్తే, 12వ మెట్టు. అక్కడ సారణి (మొదటి తీగ) తారషడ్జం, అంటే పై స్థాయి స, పలకాలి. ఆ చోటు తీగ పొడవులో దాదాపు సగం. నొక్కినప్పుడు తీగ సాగి స్వరం కాస్త పెరుగుతుంది కాబట్టి కొలత కంటే చెవే ప్రమాణం. తర్వాత 7వ మెట్టు పంచమం, 5వది శుద్ధ మధ్యమం. పంచమం తీగను (రెండోది) 5వ మెట్టు మీద మీటితే, ఏ మెట్టూ నొక్కని వట్టి సారణితో కలవాలి. సారణి మీద సరిగ్గా పలికి అనుమంద్రం (నాలుగో తీగ) మీద తేడా వస్తే మెట్టు వాలుగా ఉన్నట్టు. ఆ కొసనే జరపండి. మిగతావి వీటి మధ్య సర్దుకుంటాయి. పై స్థాయి మెట్లను కింది స్థాయితో పోల్చి చూడండి. అక్కడ మెట్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి కొంచెం జరిగినా అపస్వరమే.

ఆ రోజు గమకాలు వద్దు. మైనమే పగిలి పొడిగా రాలుతుంటే మేళం (మైనం, మెట్ల అమరిక) మొత్తం మళ్లీ కట్టించాలి. ఆ మైనంలో కలిపే గుగ్గిలం పాళ్లు చెడితే, ఎక్కువైనచోట పెళుసెక్కుతుంది, తక్కువైతే వేసవికి ఆగదు. ఆ పని వీణలు చేసేవాళ్లకే వదలండి.