గోడౌన్‌లో రోబో బండ్లు నడిపే ముందు జాగ్రత్తలు

• ముందు నేల చూడండి. చిరిగిన ర్యాపింగ్ కవర్లు, స్ట్రాపింగ్ పట్టీలు చక్రాలకు చుట్టుకుంటాయి. తడి ఉంటే తుడిపించాకే బండి కదలాలి.

• దారిలో అడ్డాలను కనిపెట్టే లేజర్ స్కానర్ అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి: చాలా బండ్లలో ఈ స్కానర్ నేలకు జానెడు ఎత్తులో, ఒకే మట్టంలో చూస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కులు నేల మీదికి దించి ఉన్నా, పైకెత్తి ఉన్నా దానికి కనపడకపోవచ్చు. అందుకే ఫోర్క్‌లిఫ్ట్‌ను రోబో దారిలో అస్సలు ఆపనివ్వకండి. ర్యాక్‌లోంచి పొడుచుకొచ్చిన సరుకునూ లోపలికి సర్దించండి.

• ప్రతి బండికీ ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నొక్కి చూడండి. ఆగకపోతే, టార్గెట్ టెన్షన్ ఎంత ఉన్నా ఆ బండిని పక్కన పెట్టాల్సిందే.

• బండి మీద పెట్టిన లోడు దాని అంచు దాటి బయటికి రాకూడదు.

• కొత్తవాళ్లకు రోబో దారులు నడిపించి చూపించండి. ‘అదే ఆగుతుందిలే’ అని ఎవరినీ ఎదురెళ్లనివ్వకండి.