మబ్బు, మంచు, ఎండ – 4వ పాఠం: తెల్లటి మంచు బూడిద రంగులో ఎందుకొచ్చింది?

ఈసారి వాన గురించి చెప్తానన్నాను. కానీ పోయిన పాఠం చదివి మీరు పంపిన పొగమంచు ఫొటోలు చూశాక, ముందు వాటి సంగతి తేల్చక తప్పదనిపించింది. దాదాపు అన్నిటికీ ఒకటే జబ్బు. డిసెంబరు చలిలో లంబసింగి దాకా వెళ్లి తెల్లవారుజామున తీసిన ఫొటోలో కూడా మంచు బూడిద కలిపిన నీళ్లలా ఉంది. తప్పు నాదే, అసలు ముక్క చెప్పకుండా వదిలేశాను.

కెమెరాకు మంచంటే ఏమిటో తెలియదు. ఎదురుగా ఏమున్నా, మొత్తం కలిపితే మధ్యరకం బూడిద రంగే అనుకుని, వెలుతురు కొలిచే దాని మీటర్ లెక్క కడుతుంది. నేల, చెట్లు, మనుషులు, ఆకాశం కలిసిన చోట ఆ లెక్క సరిపోతుంది. ఫ్రేమంతా తెలుపే అయితే మాత్రం వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. సున్నం కొట్టిన గోడకైనా, నౌపడ ఉప్పు మడుల్లో తెల్లటి కుప్పకైనా ఇదే గతి. నల్ల గేదెతో ఫ్రేమ్ నింపి చూడండి, అది పాలిపోయి బూడిద రంగులో వస్తుంది. కారణం ఒకటే.

కాబట్టి మంచులో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా కట్టిన వెలుతురు లెక్కను మనం పెంచే, తగ్గించే సర్దుబాటు) +1 దగ్గర పెట్టండి. చిక్కటి మంచైతే +1.3 లేదా +1.7. ఫోన్‌లో అయితే తెర మీద తాకి, కనిపించే సూర్యుడి గుర్తును పైకి జరపండి.

ఇక్కడే చాలామంది మళ్లీ పడిపోతారు, నాకు బాధ కలిగించేదీ ఇదే. +1 పెట్టి తీస్తారు, తెర చూసి "అమ్మో, తెల్లబోయింది" అని మళ్లీ సున్నాకు తెస్తారు. తెల్లవారుజామున కళ్లు చీకటికి అలవాటు పడి ఉంటాయి, అప్పుడు ఏ తెరైనా మెరిసిపోతున్నట్టే ఉంటుంది. అలా సున్నా దగ్గర తీసిన ఫొటోను పగలు చూస్తే మసకగా ఉంటుంది. తెరను నమ్మకండి, హిస్టోగ్రామ్‌ను నమ్మండి. ఫొటోలో నలుపు ఎంతుందో ఎడమవైపు, తెలుపు ఎంతుందో కుడివైపు చూపించే బొమ్మ అది. దాని గుట్ట మధ్య నుంచి కుడివైపుకు జరగాలి, కుడి అంచును మాత్రం గుద్దుకోకూడదు. ఇంటికొచ్చి ఎడిటింగ్‌లో డీహేజ్ (మసకను తగ్గించే మీట) లాగితే సరిపోతుందని కూడా అనుకోకండి. మంచు కోసం అంత దూరం వెళ్లి, దాన్నే తుడిచేస్తే ఇంకేం మిగులుతుంది?

ఇక కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా. మంచులో దాన్ని నిర్ణయించేది దూరం. మనకూ చెట్టుకూ మధ్య ఉన్న ప్రతి నీటి తుంపర వెలుతురును చెదరగొడుతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ తెల్లటి తెర మందమవుతుంది. అరకు కాఫీ తోటలో పది అడుగుల్లో ఉన్న సిల్వర్ ఓక్ మాను, దానికి అల్లుకున్న మిరియాల తీగ నల్లగా, స్పష్టంగా ఉంటాయి. వెనక వరస మాసిన రంగు. ఆ వెనకది ఉందో లేదో తెలియదు. ఆ దగ్గరి నలుపు లేకపోతే ఫొటోలో దిగులూ ఉండదు, ప్రశాంతతా ఉండదు, ఉత్త తెలుపే. నేను జూమ్ వాడను. జూమ్ లేని 50 ఎంఎం లెన్స్‌తో ముందుకు నడుస్తాను.

మబ్బు రోజు సులువు. నీడలు మెత్తబడతాయి, ముఖాలు బాగా వస్తాయి. సాయంత్రపు బంగారు ఎండ కంటే నాకు మబ్బే ఇష్టం. పాలిపోయిన ఆకాశాన్ని ఫ్రేమ్‌లోకి రానివ్వకపోతే చాలు. వాన వెలిశాక ఆకుల మీది తడి మెరుపు పచ్చదనాన్ని కప్పేస్తుంది. లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే ఆ మెరుపు తగ్గుతుంది, కానీ వెలుతురు ఒకటి రెండు స్టాపులు పోతుంది (ఒక స్టాపు పోవడమంటే వెలుతురు సగమవడం).

వానాకాలం సాయంత్రాల్లో వెనక కారుమబ్బు, ముందు వరిచేను మీద ఎండ పడే నిమిషాలుంటాయి. అంతకంటే గొప్ప కాంట్రాస్ట్ ఎండాకాలమంతా వెతికినా దొరకదు. అక్కడ మీటర్ మబ్బు నలుపు చూసి వెలుతురు పెంచేస్తుంది, ఫొటోలో చేను తెల్లగా వెలిసిపోతుంది. -1 పెట్టండి.

అభ్యాసం: ఒక చెట్టును ఎంచుకోండి. నిలబడే చోట ముగ్గుపిండితో గుర్తు పెట్టుకోండి. వరసగా పది రోజులు, ఉదయం 6:30కి, -1, 0, +1 దగ్గర ఒక్కొక్కటి చొప్పున మూడు ఫొటోలు తీయండి. ఏదీ చెరపొద్దు, ఎడిట్ చెయ్యొద్దు. రోజుకో ఫొటో ఎంచుకుని, అది మీలో కలిగించిన భావాన్ని ఒక్క మాటలో రాయండి. పెరట్లో కొబ్బరిచెట్టైనా చాలు. వాన పడిన రోజు కూడా మానకండి, కెమెరాకు గొడుగు పట్టడానికి ఇంట్లో ఒకరిని తోడు తీసుకెళ్లండి.