కొత్త కుక్కపిల్ల రాత్రంతా ఏడుస్తోందా?

కుక్కపిల్లను తెచ్చుకునే రోజు ఒక పాత తువ్వాలు వెంట తీసుకెళ్లండి. తల్లి, తోబుట్టువులు పడుకునే చోట దాన్ని బాగా రుద్ది తెచ్చి పిల్ల పక్కలో వేయండి. ఆ వాసన తగిలితే కాస్త నెమ్మదిస్తుంది. వరండాలోనో మెట్ల కిందో కట్టేసి 'రెండ్రోజులు ఏడ్చి అదే ఊరుకుంటుందిలే' అనేవాళ్ల మాట వినకండి. మొన్నటిదాకా ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయిన పసిది, ఒంటరిగా వదిలేస్తే ఏడవక ఏం చేస్తుంది? అంచులు ఎత్తుగా ఉన్న అట్టపెట్టెను మీ మంచం పక్కనే, చెయ్యి కిందికి దించితే అందేలా పెట్టండి. కుయ్యిమన్నప్పుడు వేళ్లు వాసన చూడనిస్తే చాలు, ఎత్తుకోనక్కర్లేదు.

రాత్రి తిండి ఏడింటికల్లా పెట్టేయండి. గేదె పాలు, ఆవు పాలు వద్దు, చాలా పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. పడుకునే ముందు ఒకసారి బయటికి తిప్పాలి. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఉచ్చ ఆపుకోలేదు, కాబట్టి మధ్యరాత్రి అలారం తప్పదు (ఇంట్లో వంతులు వేసుకోండి). అప్పుడు పెద్ద లైటు వెయ్యకుండా, ముద్దు మాటలు లేకుండా పని కానిచ్చి మళ్లీ పెట్టెలో పడుకోబెట్టేయండి. ఆ వేళ ఆట రుచి మరిగిందంటే రోజూ రెండింటికి అదే మిమ్మల్ని లేపుతుంది. కుదురుకున్నాక పెట్టెను రోజుకు కాస్త చొప్పున మీకు కావలసిన చోటికి జరుపుకోవచ్చు.