వెన్ను విరిగిందన్న అనుమానం ఉంటే మనిషిని ఎట్లా కదపాలి

తాటిచెట్టు మీంచి పడ్డ మనిషి దగ్గరికి నలుగురు ఉరికొచ్చి మొదట చేసేది చంకల కింద చేతులేసి లేపి కూర్చోబెట్టడం. ఆ వెంటనే నీళ్లు తాగిస్తారు. ఆ ఆరాటం అర్థమయ్యేదే, కానీ ఈ రెండు పనులూ చేయొద్దు. పూస విరిగినా లోపలి వెన్నుపాము ఇంకా బాగానే ఉండొచ్చు. నడుము వంగితే విరిగిన ముక్క దాన్ని నొక్కేయొచ్చు. అప్పటిదాకా కదిలిన కాళ్లు ఇక కదలకపోవచ్చు. నీళ్లేమో పడుకున్న మనిషికి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

చెట్టు, మిద్దె, కరెంటు స్తంభం మీంచి పడ్డవాళ్లు, బావిలో పడ్డవాళ్లు, విజయవాడ, బెంగళూరు హైవేల మీద బండి గుద్దితే ఎగిరిపడ్డవాళ్లు, వీళ్లందరికీ వెన్ను దెబ్బ ఉందనే అనుకోవాలి. నిలువుగా పడి మడమ విరిగితే నడుము పూస కూడా విరిగి ఉండొచ్చు. మెడనొప్పి, కాళ్లలో తిమ్మిరి, తెలియకుండా మూత్రం పోవడం గట్టి గుర్తులు. తాగి ఉన్నవాళ్లు, తలకు దెబ్బ తగిలినవాళ్లు నొప్పి లేదన్నా నమ్మొద్దు.

మంట, నీళ్లు, మీదికొచ్చే వాహనాలు, ఈ ప్రమాదాలు లేకపోతే పడ్డచోటే ఉంచి 108కి ఫోన్ చేయండి. వెన్ను దెబ్బ అనుమానం ఉందని చెప్పండి. అతనికి ఎదురుగా వెళ్లి మాట్లాడండి, పక్కనుంచి పిలిస్తే తల తిప్పుతాడు. "తల ఊపకు, నోటితోనే చెప్పు" అనండి. ఒకరు తలవైపు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకోవాలి. మెడ వంకరగా ఉంటే మెల్లగా నిటారుకు తేవచ్చు. నొప్పి పెరిగినా, బిగుసుకున్నట్టు అనిపించినా ఎట్లా ఉందో అట్లాగే ఉంచాలి. ఊపిరి సరిగా ఆడకపోతే తల వెనక్కి వంచకుండా దవడను ముందుకు నెట్టాలి. ఊపిరి అన్నిటికంటే ముందు.

స్పైన్ బోర్డు (వెన్ను వంగకుండా మనిషిని మోసే గట్టి పలక) మీదికి ఎక్కించడానికి ఐదుగురు కావాలి. తల పట్టుకున్నవాళ్లదే మాట, వాళ్లే లెక్కపెట్టాలి. ముగ్గురు ఒకే పక్క మోకాళ్ల మీద కూర్చోవాలి. మొదటివాళ్లు అవతలి భుజం, తుంటి, రెండోవాళ్లు నడుము, తొడ, మూడోవాళ్లు మోకాలు, పిక్క పట్టుకోవాలి. మొదటి ఇద్దరి చేతులు నడుము దగ్గర ఒకదాన్నొకటి దాటాలి. ఎక్కువ బరువు అక్కడే, చేతులు విడిగా ఉంటే నడుము మెలిపడేదీ అక్కడే. తిప్పబోయే ముందు జేబులోని ఫోను, తాళాలు తీయాలి. గీత కార్మికుడైతే నడుముకున్న మోకు ముస్తాదును (చెట్టెక్కే తాడు, పనిముట్ల పట్టీ) గుంజొద్దు, కోసేయాలి. 'మూడు' అనగానే ముక్కు, బొడ్డు ఒకే గీతలో ఉండేట్టు తమవైపు తిప్పాలి. ఐదోవాళ్లు వెన్ను చూసి బోర్డు జరపాలి. బోర్డు మీద మనిషి పక్కకు పడితే అడ్డంగా నెట్టొద్దు. కొద్దిగా కాళ్లవైపు లాగి, ఏటవాలుగా మళ్లీ పైకి జరపాలి. స్కూప్ స్ట్రెచర్ ఉంటే అదే మేలు. రెండు ముక్కలు రెండు పక్కల నుంచి దూరతాయి కాబట్టి కొంచెం తిప్పితే చాలు. తుంటి విరిగినవాళ్లకు మరీ ముఖ్యం.

బెల్టులు ఛాతీకి, తుంటికి, కాళ్లకు కట్టాక తల చివర కట్టాలి. తల ముందే బిగిస్తే ఒళ్లు జారినప్పుడు భారమంతా మెడ మీద పడుతుంది. విప్పేటప్పుడు తలదే ముందు.

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు పెద్దవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఫ్లోరోసిస్‌తో (నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు వచ్చే జబ్బు) వెన్ను బిగుసుకుపోయి గూనిపడిన మనిషిని బోర్డు మీద చదునుగా నొక్కి పడుకోబెడితే బిగుసుకున్న పూస పుటుక్కున విరగొచ్చు. వెన్నుపాము దారి ముందే ఇరుకై ఉంటుంది, చిన్న జారుడుకే కాళ్లు పడిపోవచ్చు. అలవాటైన వంపును అట్లాగే ఉంచి, తల కింద, వీపు కింద ఖాళీల్లో మడతపెట్టిన దుప్పట్లు దోపాలి. అలాంటి మెడకు గట్టి కాలర్ (మెడ కదలకుండా పెట్టే పట్టీ) బలవంతంగా బిగించొద్దు.

ఇద్దరి మధ్య బైక్ మీద కూర్చోబెట్టడం, ఆటో సీట్లో ముడిచి పడుకోబెట్టడం అసలే వద్దు. నులక మంచం ఊయలలా కుంగి నడుమును వంచుతుంది. అంబులెన్స్ రాలేని చోట ఊడదీసిన తలుపు చెక్క నయం.

బోర్డు ఎక్కించడానికే, ప్రయాణానికి కాదు. దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు 100 కిలోమీటర్ల పైమాటే. స్పర్శ లేని మనిషికి బోర్డు ఒత్తుకుంటున్నదని తెలియదు, పుండు పడుతుంది. అంబులెన్స్‌లో పరుపు మీదికి మార్చి, అక్కడ కదలకుండా కట్టాలి. వాంతి వస్తే తల, ఒళ్లు కలిపి ఒకేసారి పక్కకు తిప్పాలి. బీపీ తక్కువై నాడి నెమ్మదిగా ఉంటే వెన్నుపాము దెబ్బ కావచ్చు, నాడి వేగంగా ఉంటే రక్తం ఎక్కడ పోతున్నదో వెతకాలి. పడ్డ సమయం, ఎంత ఎత్తు నుంచి, పడ్డప్పుడు కాళ్లు కదిలాయా, ఇప్పుడు కదులుతున్నాయా అన్నది కాగితం మీద రాసి డ్యూటీ డాక్టరు చేతికివ్వాలి.