రంగు కంటె ముందు నలుపు
తాటిచెట్లెక్కి కల్లు దించే గౌడన్న పాత్ర గీస్తున్నరా? ముఖం జోలికి పోకుండ, ముందుగాల రెండంగుళాల ఎత్తుల ఏడెనిమిది చిన్న బొమ్మలు గీసి లోపలంత నల్ల ఇంకుతోని నింపుండ్రి. ఆరడుగుల దూరంకెల్లి చూసినా మనిషెవరో తెలవాలె. చాలామంది బోల్తాపడేది ఇక్కడ్నే. లొట్టి (కల్లు కుండ), కత్తి ఛాతీ ముందర గీస్తరు, నలుపుల రెండూ ఒంట్లనే కలిసిపోతయ్. లొట్టిని ఒంటి అంచు గీత దాటి నడుము పక్కకు వేలాడేటట్టు జరపుండ్రి. మోకు (నడుముకు, చెట్టుకు చుట్టే తాడు) మీద బరువేసి మనిషి వెనక్కి వాలితె తాటిబోదెకు, పొట్టకు నడుమ ముక్కోణం లెక్క తెల్ల సందు పడ్తది. బొమ్మకు పానం ఆ సందే. మూస్తిరా, చెట్టుకు అతుక్కున్న బల్లి లెక్క కొడ్తడు.

రంగుల కాడికొస్తే, మన ఎండలకు నీటిరంగు జల్ది ఆరి అంచుల పొంటి గీతలు కడ్తది. ఆకాశం పూసేటప్పుడు ఫ్యాను బంద్ పెట్టుండ్రి.